చరిత్రయందును ఆపెరాయందును పారసీక ప్రభువులు

ఐరోపా ఖండమున 17, 18 శతాబ్దులలో ఆపెరా యను సంగీతరూపకము రాజాస్థానములకును నగరములకును ప్రధాన వినోదమై వెలుగొందిన కాలమున, వేదికపై కిరీటము ధరించి పాడిన ప్రభువులందఱును గ్రీకులో రోమనులో అయియుందురని సామాన్యముగా తలంపబడుచుండును. కాని ఆ కాలపు రూపకముల పేళ్లను ఒక్కమాఱు పరికించినచో సైరస్, డరయస్, జెర్క్సెస్, ఆర్టజెర్క్సెస్ అను పారసీక చక్రవర్తులును, ఓస్రోయెస్, వొలగేసస్ అను పార్థియా రాజులును, ఖుస్రో, షీరూయె అను సాసానీయులును మాటిమాటికి కనబడుదురు. వెనిస్, నేపుల్స్, వియన్నా, లండన్ నగరముల ప్రేక్షకులు తా మెన్నడును చూడని యొక దేశపు సింహాసనమును చుట్టుకొని సాగిన కుట్రలను, ప్రణయములను, హత్యలను ఏండ్ల తరబడి విసుగులేక విని ఆనందించిరి.

ఈ రాజులు చరిత్రలో ఎట్టివారు, వారి వృత్తాంతము ఆ కవులకు ఏ దారిని చేరెను, వారు దాని నేల మార్చిరి, ఆ మార్పువలన పోయినదేమి, వచ్చినదేమి అను ప్రశ్నలను ఒకచోట చేర్చి విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. చరిత్ర యీ రాజులను చాలవఱకు వారి శత్రువుల వ్రాతలో మనకందించినది. ఆపెరా ఆ వ్రాతనే మూలముగా గైకొని, యథార్థమును పెక్కుచోట్ల విడిచియు, ఆ శత్రువునకు హృదయమును వాక్కును ప్రసాదించినది. ఈ రెండు మాటలును కలిపి చూచినప్పుడే న్యాయమైన తీర్పు సాధ్యమగునని నా విశ్వాసము.

ముందుగా వంశక్రమమును స్థూలముగా తెలిసికొనవలయును. పారసీకులకు తొలి మహాసామ్రాజ్యమును కూర్చినవాడు అఖమనీయ వంశజుడగు సైరస్, ఆతడు క్రీ.పూ. 539లో బాబిలోనును జయించెను. డరయస్, జెర్క్సెస్, ఆర్టజెర్క్సెస్ మున్నగువారు పిదప ఏలిరి. అలెగ్జాండరు దండయాత్రకు తాళలేక పారిపోవుచు మూడవ డరయస్ క్రీ.పూ. 330లో తనవారిచేతనే చంపబడుటతో ఆ వంశము కూలెను. గ్రీకు సేనాని సెల్యూకసు సంతతివారి యేలుబడి సడలుచుండగా, క్రీ.పూ. 3వ శతాబ్ది మధ్యమున అర్సాకెస్ పార్థియా రాజ్యమునకు పునాది వేసెను. ఆ రాజ్యము రోమునకు ఎదురొడ్డి నిలిచి, క్రీ.శ. 224లో సాసానీయులకు తావిచ్చెను. మన దేశమున కీ జాతులు అపరిచితములు కావు. పార్థియనులను మన ప్రాచీనులు పహ్లవులనిరి. శాతవాహన ప్రభువగు గౌతమీపుత్ర శాతకర్ణి శకులను యవనులను పహ్లవులను రూపుమాపెనని ఆతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక శాసనమున చెక్కించెను. తెలుగు బైబిలు చదివినవారికి కోరెషు, దర్యావేషు, అహష్వేరోషు అను పేళ్లతో సైరస్, డరయస్, జెర్క్సెసులు చిరపరిచితులే.

ఆపెరా కవుల కీ రాజులను గూర్చి తెలిసినదెల్ల పరుల నోటినుండి వచ్చినదే. అఖమనీయులను గూర్చి వారికి హెరొడోటస్ మూలము, ఆతడు గ్రీకువాడు. పార్థియనులను గూర్చి టాసిటస్, ప్లూటార్క్, జస్టిన్ మూలములు. వీరందఱును రోమను లోకమునకు చెందినవారు. జెర్క్సెస్ నౌకాబలము క్రీ.పూ. 480లో సలామిస్‌వద్ద ఓడిన యెనిమిదేండ్లకు ఈస్కిలస్ 'పారసీకులు' అను విషాదనాటకమును ఏథెన్సున ప్రదర్శించెను. నేడు మనకు మిగిలియున్న గ్రీకు విషాదనాటకములలో అదియే ప్రాచీనతమమని పండితులు తలంతురు. పారసీక రాజు పాశ్చాత్య రంగస్థలమున కెక్కుట అట్లు, ఓడిన శత్రువు రూపమున, ఆరంభమైనది. పారసీకులు తమ మాటను శిలలపై వ్రాసికొనకపోలేదు. బెహిస్తూన్ కొండచరియపై డరయస్ మూడు భాషలలో తన విజయగాథను చెక్కించెను. కాని ఆ కీలాక్షరములను చదువు ప్రయత్నము 1802లో గ్రోటెఫెండుతో ఫలింపనారంభించి, 19వ శతాబ్ది మధ్యమునకుగాని రాలిన్‌సన్ ప్రభృతుల కృషివలన పూర్తికాలేదు. ఆపెరా కవులలో ఏ యొక్కడును పారసీక చక్రవర్తి స్వయముగా పలికిన పలుకు నొక్కదానినైనను చదివియుండలేదు. వారిని తప్పుపట్టదలచిన వా రీ సంగతిని ముందుగా జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక రంగస్థలపు కట్టుబాట్లను చూతము. 1637లో వెనిస్ నగరమున, రుసుము చెల్లించిన వారెల్లరును ప్రవేశింపదగిన తొలి ఆపెరాశాల తెఱవబడెను. ఒక శతాబ్దిలో ఆ కళ ఆస్థానముల పోషణమున కట్టుదిట్టమైన రూపము దాల్చెను. ఆఱేడు పాత్రలు, మూడంకములు, కథ నడుచుటకు మాటకును పాటకును నడుమనుండు పఠనము, భావము పొంగినచోట ఆరియా యను గానము, తుదకు మంగళాంతము. మన పద్యనాటకములలో నటుడు కథను నిలిపి రాగము తీసి పద్యము పాడగా సభ 'వన్స్ మోర్' అని కేకలు వేయుట ఎఱిగినవారికి ఈ పద్ధతి వింతగా తోపదు. కథానాయకుని గానమును బాల్యముననే శస్త్రచికిత్సచే గొంతు మాఱకుండ చేయబడిన కాస్ట్రాటో గాయకులు స్త్రీస్వరస్థాయిలో పాడుచుండిరి. అనగా పారసీక సమ్రాట్టు వేదికపై పాడిన స్వరము కోమలము, ఉన్నతము, అలౌకికము. ఈ రూపకములకు వాక్కును సమకూర్చిన కవులలో అగ్రగణ్యుడు మెటస్టాసియో. ఆతడు 1730 మొదలు 1782లో మరణించువఱకు వియన్నాలో చక్రవర్తుల ఆస్థానకవిగానుండెను. సింహాసనము నెదుట కూర్చుండి రాజధర్మమును బోధింపవలసిన కవికి దూరదేశపు రాజు మిక్కిలి యనుకూలుడు. ఆతని దోషములను నిర్భయముగా చూపవచ్చును. ఆతని గుణములను వినుచున్న ప్రభువు తనవిగా భావించుకొనవచ్చును.

ఒక్కొక్క ప్రభువును గూర్చి విచారించునపుడు సైరసు మొదట వచ్చును. తన కుమార్తె కడుపున పుట్టువాడు తన రాజ్యమును హరించునని కలగన్న తాత అస్తియాగెస్ ఆ శిశువును చంపుమని ఆజ్ఞాపించుట, పసివాడు పసులకాపరి యింట పెరుగుట, పిదప రాజలక్షణములు బయటపడి గుర్తింపబడుట అను హెరొడోటసు కథ కంసకృష్ణుల వృత్తాంతమును విన్న మనకు చుట్టమువలె తోచును. మెటస్టాసియో 1736లో కాల్దారా సంగీతముతో వియన్నాలో ప్రదర్శింపబడిన 'గుర్తింపబడిన సైరస్' అను రూపకమున ఈ కథనే గైకొని, దిగ్విజయములనెల్ల విడిచి, తల్లి తన బిడ్డను పోల్చుకొను ఘట్టముపై దృష్టి నిలిపెను. సంగీతకర్త హాండెల్ 1745లో వినిపించిన 'బెల్షజర్' అను ఒరటోరియో (వేషములు లేక పాడబడు కథాగానము)లో సైరస్ బాబిలోనును జయించి, చెఱలోనున్న యూదులను విడిపించు ధర్మవిజేత. ఇచ్చట కల్పన చరిత్రకు ఆశ్చర్యకరముగా చేరువయైనది. ఏలయన 1879లో బాబిలోను శిథిలములలో దొరకిన మృణ్మయ శాసనమున సైరస్ దేవతావిగ్రహములను వాని వాని స్థానములకు మరలించితినని, జనులను స్వస్థలములకు పంపితినని చెప్పుకొనియున్నాడు. అది విజేత యొక్క ఆత్మస్తుతియే యైనను, ఔదార్యమును కీర్తిగా నెంచిన రాజు పలుకు.

డరయస్ సింహాసనమెక్కిన తీరు చరిత్రలోనే సందేహగ్రస్తము. సైరసు కుమారుడగు కాంబిసెస్ మరణానంతరము ఆతని తమ్ముడు బర్దియనని చెప్పుకొని గౌమాతుడను మాగీయ పురోహితుడు రాజ్యమును అపహరింపగా తాను వానిని చంపి వంశమును నిలిపితినని బెహిస్తూన్ శాసనము ఉద్ఘోషించును. చంపబడినవాడు నిజముగా బర్దియయేయని శంకించిన ఆధునిక చరిత్రకారులును పలువురు కలరు. హెరొడోటస్ చెప్పిన కథలో ఎవని గుఱ్ఱము సూర్యోదయమున ముందు సకిలించునో వాడే రాజని ప్రభువులు ఒడంబడిక చేసికొందురు. సంగీతకర్త వివాల్ది 1717లో వెనిస్‌లోని సాంతాంజెలో నాటకశాలకై రచించిన 'డరయస్ పట్టాభిషేకము'న సైరసు కూతురు స్టటీరా యెవనిని వరించునో వానిది సింహాసనము, ముగ్గురు పోటీపడుదురు. స్టటీరా యను పేరు తరువాతి కాలపుది. చరిత్రలో డరయస్ పరిణయమాడిన సైరసు కూతుళ్లు అతోస్సా, అర్తిస్తోనెలు. అయినను సైరసు అల్లుడగుటచే తన పట్టమునకు బలము చేకూర్చుకొనెనను రాజకీయసత్యమును ఆ ప్రణయకథ చెక్కుచెదరనీయలేదు.

జెర్క్సెసుకు పట్టిన యదృష్టము విచిత్రమైనది. హెల్లెస్పాంటు జలసంధిపై తాను కట్టించిన వంతెన తుఫానున తెగిపోగా సముద్రమునకు మూడువందల కొరడాదెబ్బలు కొట్టించిన అహంకారిగా హెరొడోటస్ ఆతనిని చిత్రించెను. కాని ఆ గ్రంథకర్తయే ఆతడు లిదియా దారిలో ఒక ప్లేను వృక్షపు సొగసునకు ముగ్ధుడై బంగారు నగలతో దానిని అలంకరించి కావలివానిని నియమించెననియు, తన యపారసేనను చూచి నూఱేండ్లకు వీరిలో నొక్కడును మిగులడుగదా యని కంటనీరు పెట్టెననియు వ్రాసెను. మన కాశ్మీరమున చినారు అని పిలుచునది ఆ జాతి వృక్షమే. వెనిస్ కవి మినాతో 1654లో ఈ చెట్టును, ఈ వంతెనను, హెరొడోటసు చివరి భాగమున వచ్చు అంతఃపుర ప్రణయకలహములను కలిపి ఒక రూపకమును అల్లెను. దానికి కవాల్లి సంగీతము కూర్చెను. 14వ లూయీ వివాహోత్సవములలో 1660లో అది పారిస్‌లో ప్రదర్శింపబడినప్పుడు యువకుడగు లుల్లీ దానికి నృత్యములను జతపఱచెను. ఆ రూపకమునే స్టాంపీలియా యను కవి 1694లో సంగీతకర్త బొనొన్చీనికై తిరుగవ్రాయగా, దాని ఆధారమున హాండెల్ 1738 ఏప్రిల్ 15న లండన్‌లో తన 'సెర్సె'ను వేదికకెక్కించెను. కాఫరెల్లి యను ప్రసిద్ధ కాస్ట్రాటో జెర్క్సెసుగా నిలిచి, తెఱలేచినంతనే ఆ వృక్షచ్ఛాయను స్తుతించుచు పాడిన గానము నేడు 'హాండెల్ లార్గో' అను పేర లోకమంతటను వినబడుచున్నది.

ఆ రూపకమున జెర్క్సెస్ తన తమ్ముని ప్రియురాలిని కాంక్షించి, తనకు వాగ్దత్తయగు అమాస్త్రెను నిర్లక్ష్యము చేసి, తుదకు లజ్జితుడై క్షమాపణ కోరును. హెరొడోటసు కథలో జెర్క్సెస్ సోదరుడగు మసిస్తెస్ భార్యను కోరి, పిదప వారి కూతురిని చేపట్టగా, రాణి అమెస్త్రిస్ అసూయతో ఆ భార్యను ఘోరముగా అంగఖండనము చేయించును. తిరుగబడబోయిన మసిస్తెస్ తన కుమారులతోపాటు చంపబడును. అదే పేరు, అదే బంధుత్వము, అదే కోరిక. ఫలము మాత్రము వేఱు. చరిత్ర రక్తముతో ముగించినదానిని ఆపెరా సిగ్గుతో ముగించినది. హాస్యమును గంభీరమును కలిపిన యీ కృతి ఆనాటి లండన్ జనులకు రుచింపలేదు. అయిదు ప్రదర్శనములతో ఆగిపోయి, 1924లో జర్మనీయందలి గొట్టింగెన్‌లో పునరుద్ధరింపబడువఱకు మఱుగున పడియుండెను. నేడు హాండెల్ ఆపెరాలలో మిక్కిలి ఆదరింపబడు వానిలో నదియొకటి.

జెర్క్సెస్ క్రీ.పూ. 465లో హతుడగుటతో మెటస్టాసియో రూపకములలో కెల్ల ప్రఖ్యాతమైన 'ఆర్టసెర్సె' మొదలగును. గ్రీకు రోమను చరిత్రకారుల కథనములో అంగరక్షకాధిపతి అర్తబానుడు రాజును చంపి, నేరమును పెద్దకొడుకు డరయస్‌పై మోపి, తమ్ముడు ఆర్టజెర్క్సెసుచే అన్నను చంపించి, తుదకు తానును ఆర్టజెర్క్సెసు చేతిలో హతుడయ్యెను. ఒక బాబిలోను జ్యోతిషఫలకమున మాత్రము జెర్క్సెసును ఆతని కుమారుడు చంపెనని క్లుప్తముగా వ్రాయబడియున్నది. ఆ కుమారు డెవడో అది చెప్పలేదు. మెటస్టాసియో కల్పించినది అర్బాచె యను పాత్ర. ఆతడు హంతకుని కుమారుడు, యువరాజునకు ప్రాణమిత్రుడు, రాజకుమార్తెకు ప్రియుడు. రక్తసిక్తమైన ఖడ్గముతో పట్టుబడియు తండ్రిని బయటపెట్టనొల్లక నింద మోయును; నేరస్థుడగు తండ్రియే న్యాయాధిపతియై కుమారునకు మరణశిక్ష విధించును. పితృభక్తికిని సత్యమునకును, స్నేహమునకును రాజధర్మమునకును నడుమ ఇంతటి బిగువును కల్పించిన కవి తుదకు అర్తబానునికి మరణముగాక దేశబహిష్కారమునే విధింపజేసెను.

1730 ఫిబ్రవరిలో రోములో వించి సంగీతముతోను, వెనిస్‌లో హస్సె సంగీతముతోను ఈ రూపకము దాదాపు ఒకేమాఱు వెలువడెను. రోమునందు స్త్రీలు వేదికనెక్కరాదను నిషేధముండుటచే అచ్చట రాకుమార్తెల వేషములను సైతము పురుషులే ధరించిరి. తరువాతి యేండ్లలో ఎనుబదికి మించిన సంగీతరచనలు ఇదే కావ్యమునకు పుట్టినవి. గ్లుక్ తొలి ఆపెరా (1741) ఇదియే. ఆర్న్ 1762లో దీనిని ఆంగ్లమున లండన్ జనులకు వినిపించెను. తొమ్మిదేండ్ల బాలుడగు మొజార్ట్ ఇందలి యొక గీతమునకు స్వరము కట్టెను. హస్సె రచనలో అర్బాచెగా పాడిన ఫారినెల్లి, పిదప స్పెయిన్ రాజగు 5వ ఫిలిప్ మనోవ్యాధిని ఉపశమింపజేయుటకు అందలి గీతములను రాత్రివేళల పాడుచుండెనని ప్రసిద్ధి. 2012లో ఫ్రాన్సునందలి నాన్సీ నగరమున వించి రచన తిరిగి వేదికనెక్కినప్పుడు స్త్రీపాత్రలను గూడ ఉచ్చస్వర పురుషగాయకులే నిర్వహించిరి.

పార్థియనుల విషయమునకు వచ్చినపుడు రంగస్థలము మఱింత ఆసక్తికరమగును. వీరు గ్రీకు నాటకమును తామే ప్రదర్శింపజేసికొన్నవారు. క్రీ.పూ. 53లో కార్హేవద్ద రోమను సేనాని క్రాసస్ పార్థియనుల బాణవర్షమునకు ఓడి చంపబడిన పిదప, అర్మేనియా ఆస్థానమున పార్థియా రాకుమారుడు పకోరుని వివాహసంబంధమైన వేడుకలో యూరిపిడిస్ నాటకము నడుచుచుండగా క్రాససు తల సభలోనికి తేబడెననియు, నటుడొకడు దానినే చేతబట్టి పాడెననియు ప్లూటార్క్ వ్రాసెను. ఈ భయానకదృశ్యము పార్థియనుల క్రౌర్యమునకు ఉదాహరణమని రోమనులు తలచియుందురు. అర్మేనియా పార్థియా రాజులు గ్రీకు విద్యయందు నేర్పరులను విషయమును అది తెలియజేయుచున్నదని మనము గమనింపవలెను. ఆ రాజుల నాణెములపై 'గ్రీకుప్రియుడు' అను బిరుదముండుట దీనికి తోడుసాక్ష్యము.

మెటస్టాసియో 1732లో రచించిన 'సిరియాలో హాద్రియన్' అను రూపకమున ఓస్రోయెస్ ఓడిన పార్థియా రాజు. ఆతని కూతురు ఎమిరేనా రోమను చక్రవర్తి చెఱలో నున్నది. చక్రవర్తి ఆమెను మోహించి తనకు నిశ్చితయగు సబీనాను మఱచును. ఓస్రోయెస్ మాఱువేషమున తిరిగి, అంతఃపురమునకు నిప్పంటించి, పట్టుబడియు తలవంచడు. తుదకు హాద్రియన్ తన్నుతాను జయించి, రాజ్యమును ఓస్రోయెసునకును, ఎమిరేనాను ఆమె ప్రియునకును మరల నొసగును. ఇది కేవలకల్పన కాదు. హాద్రియనుకు ముందటి చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 116లో పార్థియా రాజధాని టెసిఫాన్‌ను ఆక్రమించినప్పుడు ఓస్రోయెసు కుమార్తెయు స్వర్ణసింహాసనమును పట్టుబడినవి. హాద్రియన్ ట్రాజను గెలిచిన దేశములను విడిచిపెట్టుటయే కాక ఆ కుమార్తెను తండ్రికి తిరిగి పంపెను. పెర్గొలేసి ఈ కావ్యమునకు సంగీతము కూర్చి 1734 అక్టోబరులో నేపుల్స్‌లో వినిపించెను. ఆ యేడే స్పెయిన్ రాకుమారుడు చార్లెస్ ఆ రాజ్యమును ఆస్ట్రియనులనుండి గెలుచుకొనియుండెను. క్రొత్త విజేత యెదుట, విజేతకు ఔదార్యమే శోభయని పార్థియా కథ ముఖమున చెప్పబడెను.

కవి అపోస్తోలో జేనో 1700లో వెనిస్‌కై వ్రాసిన 'లూసియో వేరో' మఱొక యడుగు ముందునకు వేసినది. ఇందు పార్థియా రాజు వొలగేసస్ ఎఫెసస్ క్రీడాంగణమున సింహమునకు విడువబడును. ప్రియురాలు బెరెనీకె తానును ఆ రంగమున దుముకును. ప్రేక్షకుల కన్నులయెదుట నీతిహీనుడై నిలుచువాడు రోమను చక్రవర్తి లూసియస్ వేరస్. యథార్థముగా వొలగేసస్ ఎన్నడును రోమనులకు చిక్కలేదు, క్రీ.శ. 161–166 నడుమ జరిగిన యుద్ధమున రోమనులు టెసిఫాన్‌ను కొల్లగొట్టి, తిరుగుప్రయాణమున మహామారిని తమ సామ్రాజ్యమునకు తెచ్చుకొనిరి. చరిత్రలో లేని చెఱను కవి కల్పించెను. కాని ఆ చెఱలో ధీరోదాత్తుడు రోమను కాక పార్థియనుడగుట ఎంత గొప్ప మార్పు! 1766లో జొమ్మెల్లి ఈ కథకు లుడ్విగ్స్‌బర్గున కూర్చిన సంగీతము వాద్యగోష్ఠి ప్రౌఢిమకు పేరొందినది.

అర్మేనియా సింహాసనముకై జరిగిన పోరాటమునుండి పుట్టినది హాండెల్ 'రాదామిస్తో' (1720). శత్రువులకు చిక్కకుండ గర్భవతియగు భార్య జెనోబియాను, ఆమె కోరికపైననే, పొడిచి అరాక్సెస్ నదిలో విడిచిన రాదామిస్తుని కథను టాసిటస్ చెప్పెను. పసులకాపరులు ఆమెను బ్రతికింపగా పార్థియా రాజసోదరుడగు తిరిదాతెస్ ఆమెను రాణివలె మన్నించెను. హాండెల్ రూపకమున తిరిదాతెస్ క్రూరుడు. 1740 నాటి మెటస్టాసియో 'జెనోబియా'లో ఆతడు ఉదారుడగు ప్రేమికుడు. ఇచ్చట తరువాతి కవియే చరిత్రకారునకు సన్నిహితుడయ్యెను.

ఈ పరంపరలో కడపటిది, మనకు మిక్కిలి దగ్గఱిది, 'సిరోయె', అనగా షీరూయె. మెటస్టాసియో 1726లో దీనిని వ్రాసెను. హాండెల్ 1728లో లండన్‌లో వినిపించెను. ఇందు సాసానీయ ప్రభువగు ఖుస్రో పెద్దకొడుకును కాదని చిన్నవానికి పట్టము కట్టదలచును. నిరపరాధియగు సిరోయె అన్ని నిందలను సహించి, తుదకు తండ్రిని రక్షించి, తండ్రిచేతనే కిరీటమును పొందును. తన తండ్రిని ఖుస్రో చంపెనని పగబూని, పురుషవేషమున ఆస్థానమున తిరుగు ఎమీరా కంబాయా రాకుమార్తె. అనగా మన ఖంభాతు. యథార్థచరిత్ర దారుణము. షీరూయె క్రీ.శ. 628లో తండ్రిని పదభ్రష్టుని చేసి చంపించెను, సోదరులను చంపించెను, తానును కొలది నెలలకే మరణించెను. ఈ ఖుస్రో కుమారులకు హిందూదేశపు రాజొకడు కానుకలతో లేఖలు పంపెననియు, షీరూయెకు వ్రాసిన లేఖలో ఆతనికి పట్టాభిషేకము కలుగునని సూచించెననియు తబరీ తన చరిత్రలో వ్రాసెను. ఆ రాజు చాళుక్య రెండవ పులకేశియని పెక్కురు చరిత్రకారుల యభిప్రాయము. పిఠాపురమును గెలిచి వేంగీదేశమున తన తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుని నిలిపినవాడు ఆ పులకేశియే.

ఈ రూపకములను గూర్చి విమర్శకులలో రెండు మతములు కలవు. ఇవి గానమునకు సాకులు మాత్రమే, రాజుల పేళ్లు మార్చినను నష్టము లేదని యొక మతము. ఇవి ఆస్థాననీతిగ్రంథములు, పారసీకుడను తెఱచాటున ఐరోపా ప్రభువునే ఉద్దేశించినవని రెండవ మతము. మొదటిది సంగీతమునుబట్టి కొంత నిజము. హాండెల్ గాని హస్సె గాని పారసీక రాగమును వినిపించుటకు యత్నింపలేదు, సైరసును సీజరును ఒకే స్వరభాషలో పాడుదురు. రెండవది కావ్యమునుబట్టి చాల నిజము. కాని ఈ రెండును ఒక విషయమును విడిచినవి. ఏ కథను ఎన్నుకొన్నను ఈ కవులు మూలమున హత్యయున్నచోట క్షమను, పగయున్నచోట పశ్చాత్తాపమును నిలిపిరి. క్షమించు మహిమను రోమనునకే కాక, హెరొడోటస్ అహంకారిగను టాసిటస్ అనాగరకుడుగను తలచినవానికిని పంచియిచ్చిరి. ఓడినవానిని చూచి ప్రేక్షకులు నవ్వుటకుగాక కన్నీరు పెట్టుటకు వేదికనెక్కించిరి.

దీనివలన చరిత్రకు నష్టము కలుగలేదని నేననను. షీరూయె చేసిన పితృహత్యను మఱపించు పాట ఎంత మధురమైనను పితృహత్యను రూపుమాపజాలదు. అందుచేత సంగీతరసికుడు హెరొడోటసును తబరీని చదువవలెను. చరిత్రపాఠకుడు హాండెలును వించిని వినవలెను. ఇప్పుడు బెహిస్తూన్ శిలయు, బాబిలోను ఫలకములును చదువబడుచున్నవి. ఆనాటి కవులకు లేని సాధనములు మనకు లభించినవి. ఇకమీద పారసీక ప్రభువులను రంగస్థలమునకు తెచ్చువారు ఆ శాసనముల వాక్కును గైకొని, తమ పూర్వులు శత్రువునకు చూపిన హృదయవైశాల్యమును మాత్రము విడువకుందురేని, రెండువేల యేండ్లుగా పరుల వ్రాతలో బందీలైయున్న యీ రాజులకు చరిత్రయు కళయు కలిసి న్యాయము చేయగలవు.